తడి ఆరని వెనిస్

ఆర్టిస్టుకు వెనిస్ కొట్టిన పిండి. పారిస్ టవరైతే కళ్లు మూసుకుని వేసేస్తాడు. జపాన్ మంచుకొండ, గ్రీసు దీవి మీద తెల్ల మేడలు, ఏదడిగినా వారం తిరక్కుండా గుడ్డ మీదకు దించేస్తాడు. ఇంతా చేసి, ఆ మహానుభావుడు చూసిన ప్రపంచం బస్టాండు దాకానే.

అక్కకు ఫొటో స్టూడియో ఉంది. ఫొటో దిగేవాళ్ల వెనక వేలాడే పరదాలు వేసేది ఈ తమ్ముడే. ఊళ్లో కుర్రాళ్లు మనసుపడ్డ పిల్లను "ఫొటో దిగుదాం రా" అని తీసుకొచ్చి, పారిస్ ముందు నిలబెట్టి, జేబులోంచి ఉంగరం తీసి, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడుగుతారు. అక్క టక్కున ఫొటో కొడుతుంది. పిల్ల ఊ అనగానే, మూలన లైటు పట్టుకున్న ఆర్టిస్టు అమ్మయ్య అని ఊపిరి వదులుతాడు. ఒకే ఒక్క అమ్మాయి కాదని వెళ్లిపోయింది. ఆ రోజు కరెంటు పోయిందనీ, పారిస్ సరిగ్గా కనపడలేదనీ ఆర్టిస్టు వాదన.

దాంతో ఒక మాట ఆయన బుర్రలో మేకులా దిగిపోయింది. పెళ్లి మాట అడగాలంటే తగిన చోటు ఉండాలి!

అడగాల్సిన మనిషి ఎక్కడో లేదు. పరదా వెనక గదిలోనే ఉంది. ఆమె టైలరు. స్టూడియోలో సగం అద్దెకు తీసుకుని, మిషను వేసుకుని కూర్చుంటుంది. పరదా గుడ్డలు జోడించి కుట్టేదీ, పైన కర్ర దూర్చడానికి గొట్టంలా మడత పెట్టి కుట్టేదీ ఆమే. మధ్యాహ్నం ఇద్దరూ ఆ మిషను బల్ల మీదే డబ్బాలు విప్పుకుని తింటారు. ఏళ్ల తరబడి తింటున్నారు. ఇంకా "ఆర్టిస్టు గారూ", "టైలరు గారూ" అనే పిలుచుకుంటున్నారంటే ఏమనాలి చెప్పండి!

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా మూత పెడుతూ అంది. "మా పిన్ని వాళ్ల ఊళ్లో కుట్టు షాపు పెట్టిందండీ. వచ్చి చూసుకోమంటోంది. రేపు సాయంత్రం బండికి వెళ్లిపోతున్నా. ఇక అక్కడే."

అని, ఆయన మొహం వంకే చూస్తూ కూర్చుంది.

ఆర్టిస్టు నోరు తెరిచాడు. తెరిచి ఏమన్నాడంటే, "జాగ్రత్తగా వెళ్లిరండి" అన్నాడు.

సంగతి విని అక్క నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, ఊళ్లో కుర్రాళ్లందరికీ దగ్గరుండి పెళ్లిళ్లు కుదిర్చావు. నీ దగ్గరికొచ్చేసరికి ఏం మాయరోగంరా? వెనక్కెళ్లి అడుగు!"

"ఆ మిషను పక్కనా? ఆ గుడ్డపీలికల మధ్యా? కుదరదక్కా. ఆమెకు వెనిస్ అంటే ఇష్టం. నీళ్ల మీద ఊరెలా ఉంటుందో అని ఒకసారంది. కొత్తది వేస్తా."

"పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదని ఊరికే అన్నారా!" అంది అక్క.

టైలరు ఎప్పుడో కుట్టిపెట్టిన గుడ్డ మీద, రాత్రంతా మేలుకుని ఆయన వేశాడు. జన్మలో అంత బాగా వెయ్యలేదు. కాలువ మీద చందమామ, పడవ, మధ్యలో ఇద్దరు నిలబడేంత ఖాళీ. మర్నాడు పొద్దున్న ఇంకా రంగు తడిగా ఉండగానే గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. మిషను సర్దుకోవడానికి టైలరు ముందే వచ్చేసింది!

ముందే చూసేస్తే ఇంకేముంది? కంగారులో ఆర్టిస్టు పరదాను చాపలా గబగబా చుట్టేశాడు. తడి పరదా చుట్టకూడదని గురువు దగ్గర మొట్టమొదట నేర్చిన పాఠం. ప్రేమ ముందు పాఠాలు గుర్తుంటాయా?

మధ్యాహ్నానికి చొక్కా మార్చుకుని, దువ్వుకుని, ఆమెను ముందు హాల్లోకి పిలిచాడు. అక్క కెమెరాతో సిద్ధంగా నిలబడింది. పైన వేలాడగట్టిన పరదా చుట్ట తాడు ఆయన లాగాడు.

పరదా చరచరమంటూ విడింది. వెనిస్ వెనిస్‌లా లేదు. చందమామ కాలువలో మునిగింది. పడవ ఆకాశానికెక్కింది. మేడలు సగం ఊడి, గుడ్డ వెనక్కి అతుక్కుపోయాయి. మధ్యలో వదిలిన ఖాళీలో ఎవరిదో కిటికీ వేలాడుతోంది.

ఆర్టిస్టుకు తల కొట్టేసినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. టైలరు ఒక్క క్షణం చూసి, పరదా పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది.

"వెళ్లరా!" అని అక్క వెన్ను మీద ఒక్కటి చరిచింది.

వెళ్లాడు. టైలరు పరదా వెనక నిలబడి అంచు తడుముతోంది.

"నా కుట్టు మాత్రం ఊడలేదు" అంది.

"మన్నించండి. వెనిస్ పాడుచేశాను. మీకోసమే వేశాను."

"మీ వెనిస్ ఎవరిక్కావాలండీ?" అంది ఆమె. "అటువైపు వాళ్లు అడిగిన మాటలన్నీ ఇక్కడ కూర్చుని విన్నాను. వచ్చిన ప్రతివాడూ అడిగాడు. మీ గొంతు ఎప్పుడు వినపడుతుందా అని చెవులు కాయలు కాచాయి. నిన్న బండి మాట చెప్తే, జాగ్రత్తగా వెళ్లిరమ్మంటారా? మనిషేనా మీరు?"

ఆర్టిస్టు చుట్టూ చూశాడు. ఆమె మిషను, పీలికలు, రెండు డబ్బాలు. తను రోజూ ఎందుకు ఆకలి లేకపోయినా ఇక్కడికొచ్చి కూర్చునేవాడో అప్పుడు తెలిసింది.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని ఏదో అంది, చాలా మెల్లగా.

పరదా అవతల అక్క ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంది. "ఏమందిరా? ఇటు వినపడి చావట్లేదు!"

"ఒప్పుకున్నానన్నానండీ!" టైలరు గట్టిగా అరిచింది. "పిన్నికి నేనే చెప్పుకుంటాను."

"అయితే ముందుకు రండి, ఫొటో దిగాలి కదా!"

"మీరే ఇటు రండి వదినా, కెమెరా పట్టుకుని" అంది టైలరు, బల్ల మీది పీలికలు పక్కకు నెట్టి చోటు చేస్తూ.