కింద పడిన రొట్టె

పిల్ల చెవులకి కమ్మలు పెట్టి సంబంధం ఖాయం చేసుకు రావడానికి బురుల్చా కొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరింది. కొడుకు పేరు ఎర్మెక్. ఇరవై ఎనిమిదేళ్ళు. ట్రాక్టర్లు బాగు చేస్తాడు. ఇస్సిక్-కుల్ సరస్సు ఉత్తరపు గట్టున ఏ ఊళ్ళో ఇంజను మొరాయించినా అతనికే కబురు వస్తుంది. తాగడు, పోట్లాడడు, మాట తక్కువ. ఇంతకన్నా ఏం కావాలి అల్లుడికి? చొల్పొన్‌ అనే ఆ పిల్ల తండ్రి ఒస్మొనాలి కూడా అదే అనుకుని సరే అన్నాడు.

అయితే బురుల్చా ఒక చిన్న దిద్దుబాటు చేసింది. కొడుకు పదిహేనో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా కజకిస్తాన్‌లో మేనమామ దగ్గర ఆపిల్ తోటల్లో పనిచేశాడని చెప్పింది. పదేళ్ళుగా అందరికీ అదే చెబుతోంది. చెప్పి చెప్పి ఆ తోటలో చెట్లు ఎన్ని వరసలో, ఏ వరసలో కాయ తీపో కూడా ఆమెకి తెలుసు. ఆ మేనమామకి తోటే లేదు. ఎర్మెక్ ఆ మూడేళ్ళూ పిల్లల జైల్లో ఉన్నాడు.

చేసిన పని పెద్దదా చిన్నదా అంటే ఏం చెప్పాలి. ఇద్దరు పెద్ద కుర్రాళ్ళతో కలిసి పక్కవీధి ముసలాయన గుర్రాన్ని తోలుకుపోయారు. కోసి మాంసం చేద్దామని వాళ్ళ ఆలోచన. ఎర్మెక్ తాడు పట్టుకున్నాడు. అది చూలు గుర్రం. కోశాక గాని వాళ్ళకి తెలీలేదు. పెద్దవాళ్ళిద్దరూ పరారయ్యారు, తాడు పట్టుకున్నవాడు దొరికిపోయాడు. ఇలాంటివాటిలో ఎప్పుడూ అంతే.

ఆ సంగతి చొల్పొన్‌కి తానే చెప్పేస్తానని ఎర్మెక్ ఏడాదిగా అనుకుంటున్నాడు. అనుకోవడం దగ్గరే ఉన్నాడు. ఆ పిల్లంటే అతనికి ప్రాణం. ఎడమ చెయ్యి గిన్నె చుట్టూ అడ్డం పెట్టుకుని గబగబా తింటాడని ఆమె నవ్వుతుంది, "నీ గిన్నె ఎవరూ ఎత్తుకుపోరులే" అంటుంది. అతనూ నవ్వుతాడు. చెయ్యి మాత్రం తియ్యడు.

ఆ మధ్యాహ్నం ఒస్మొనాలి ఇంట్లో నేలమీద గుడ్డ పరిచి అన్నీ సర్దారు. వెన్న, జామ్, వేయించిన పిండి ముక్కలు, మధ్యలో పెద్ద పళ్ళెంలో అందరూ కలిసి తినే మాంసం. పెద్దలకని వదిలే పై చోటులో ఒస్మొనాలి తల్లి బత్మా అవ్వ కూర్చుంది. ఎనభై దాటింది. కళ్ళు సరిగా కనపడవంటుంది గాని ఎవరి టీ గిన్నె ఖాళీ అయిందో ఆమే ముందు చూస్తుంది.

"రొట్టె నువ్వే తుంచవయ్యా," అన్నాడు ఒస్మొనాలి. "ఇకనుంచి ఈ ఇంట్లో నీకూ చెయ్యి అలవాటవ్వాలి కదా."

బురుల్చా పొంగిపోయింది. సంచిలో కమ్మల పొట్లాన్ని ఒకసారి తడిమి చూసుకుంది.

ఎర్మెక్ గుండ్రటి రొట్టె తీసుకుని తుంచుతూ అందరి ముందూ ముక్కలు పెడుతున్నాడు. ఒక ముక్క చేతిలోంచి జారి గుడ్డ మీద కాకుండా అతని మోకాలి పక్కన తివాచీ మీద పడింది.

రొట్టె కింద పడితే ఏం చెయ్యాలో అక్కడ నడక రాని పిల్లకి కూడా తెలుసు. వెంటనే తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించుకోవాలి. ఆలోచించే పనే లేదు, చెయ్యి దానంతట అదే పోతుంది. ఎర్మెక్ చెయ్యి పోలేదు. మిగతా రొట్టె పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎర్మెక్," అంది చొల్పొన్ మెల్లిగా, "రొట్టె."

"చూశాను."

"పాపం సిగ్గుపడుతున్నాడు," అంది బురుల్చా పెద్దగా నవ్వుతూ. "తియ్యరా! కొత్త చోటు కదా అన్నయ్యా, కాళ్ళూ చేతులూ ఆడట్లేదు వాడికి."

తియ్యాలనే ఉంది అతనికి. ఇది తివాచీ, ఇది చొల్పొన్ ఇల్లు, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు అని తనకి తానే చెప్పుకున్నాడు. చెయ్యి వినలేదు.

బత్మా అవ్వ చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ గుడ్డ చుట్టూ తిరిగి వచ్చింది. "ఈ కాలం పిల్లలకి నడుములు ఇనుముతో చేశారు, వంగవు," అని గొణుక్కుంటూ ముక్క తీసింది, ముద్దు పెట్టుకుంది, నుదుటికి ఆనించుకుంది, అతని నోటి దగ్గర పట్టింది. "ఆఁ అను."

ఎర్మెక్ తల వెనక్కి లాక్కున్నాడు.

ఒస్మొనాలి ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు. దారిలో రకరకాల మనుషులని ఎక్కించుకున్నవాడు. కిందపడింది ముట్టుకోనివాళ్ళని ఆయన చూశాడు, వాళ్ళు ఎక్కడ ఉండి వచ్చినవాళ్ళో కూడా ఆయనకి తెలుసు.

"బాబూ, ఆ మూడేళ్ళూ ఎక్కడున్నావు?"

"కజకిస్తాన్‌లో అన్నయ్యా, చెప్పానుగా, ఆపిల్..."

"నేను కుర్రాణ్ణి అడుగుతున్నాను చెల్లెమ్మా."

"పిల్లల జైల్లో," అన్నాడు ఎర్మెక్. తర్వాత గుర్రం సంగతి చెప్పాడు. చూలు గుర్రమని కూడా చెప్పాడు. చొల్పొన్ తల దించుకుని గుడ్డ అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"గుర్రం సంగతి తర్వాత చూద్దాం," అంది బత్మా అవ్వ. "రొట్టె సంగతి చెప్పు. రొట్టె నీకేం చేసింది?"

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. అడగలేదు కాబట్టే పదేళ్ళు చెప్పకుండా బతికాడు. ఇప్పుడు చెప్పాడు.

అక్కడ అధికారుల చట్టం ఒకటుంటే పిల్లల చట్టం ఇంకొకటి ఉండేది. అధికారులదాన్ని తప్పించుకోవచ్చు, పిల్లలదాన్ని తప్పించుకోలేరు. నేలమీద పడినదేదీ ఎత్తకూడదు, అది సబ్బయినా సరే, రొట్టె అయినా సరే. ఎత్తినవాడు దిగజారినవాడు. వాడి గిన్నెకి చిల్లు పొడిచి గుర్తు పెడతారు. వాడితో ఎవరూ తినరు, చెయ్యి కలపరు. వాడి చేతిలోంచి తీసుకుని తిన్నవాడు కూడా వాడిలాగే అయిపోతాడు. విడుదలయ్యే రోజు దాకా అంతే.

ఎర్మెక్ వెళ్ళి తొమ్మిది రోజులైంది. పెద్ద కుర్రాళ్ళ కళ్ళు అతని మీద ఉన్నాయి. ఎవడో ఒకణ్ణి దించాలి, అదే అక్కడి కాలక్షేపం. ఆ పొద్దున సగిన్ అని కొత్తవాడు వచ్చాడు. పద్నాలుగేళ్ళు, కొండపల్లెలో అమ్మమ్మ దగ్గర పెరిగినవాడు. ఎవడో బల్ల కదిలించాడు. ఎవరి రొట్టో కింద పడింది. సగిన్ చటుక్కున వంగి తీశాడు. ఇంట్లో నేర్పినట్టే ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. పెద్దవాళ్ళెవరూ చూడలేదు. ఎర్మెక్ ఒక్కడే చూశాడు.

"నేను అరిచి చూపించాను," అన్నాడు. "వీడు ఎత్తాడు, వీడు ఎత్తాడు అని. ఆ రోజునుంచి నా జోలికి ఎవరూ రాలేదు. వాడు మూడేళ్ళు తలుపు దగ్గర ఒక్కడే కూర్చుని తిన్నాడు."

బురుల్చా తలగుడ్డ కొంగుతో మొహం కప్పుకుంది. ఈ సంగతి ఆమెకీ తెలీదు.

"ముద్దు పెట్టుకున్నాడా?" అంది బత్మా అవ్వ.

"ఊఁ."

"చక్కగా పెంచింది వాళ్ళ అమ్మమ్మ." చేతిలోని ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇప్పుడెక్కడున్నాడు?"

"తెలీదు."

చొల్పొన్ తలెత్తి చూసింది.

"తెలుసు," అన్నాడు ఎర్మెక్. "బాలిక్చీలో. చెప్పులు కుడతాడు. రెండుసార్లు కనపడ్డాడు. నేనే వీధి దాటి అటు పక్కకి పోయాను."

విందు నుంచి వెళ్ళేవాళ్ళ చేతికి, రాలేకపోయినవాళ్ళ కోసమని ఇంత మాంసం, ఇంత రొట్టె మూటగట్టి ఇవ్వడం అక్కడి మామూలు. బత్మా అవ్వ బురుల్చాకి ఒక మూట ఇచ్చింది. ఇంకో చిన్న గుడ్డ తీసుకుని, కింద పడిన ముక్కని మాంసంతో పాటు అందులో కట్టి ఎర్మెక్ ఒళ్ళో పెట్టింది.

"ఇది నీది కాదు, వాడిది. పట్టికెళ్ళు. వాడితో కూర్చుని ఒక్క పళ్ళెంలో తినిరా. వచ్చాక కమ్మలు పెట్టిద్దాం. వాడు తిననంటే మాత్రం మా పిల్లని అడగొద్దు నాయనా, మనసు కష్టపెట్టుకోకు."

ఒస్మొనాలి తల్లి మాటకి ఎదురు చెప్పలేదు. చొల్పొన్ గుమ్మం దాకా వచ్చి అతని చెప్పులు సరిగ్గా తిప్పి పెట్టింది.

తిరుగు దారిలో వ్యానులో బురుల్చా ఏడ్చింది, తర్వాత తిట్టింది. "పదేళ్ళు మోశానురా అబద్ధం! పదేళ్ళు! నువ్వు ఒక్క పూట మోయలేకపోయావా? ముసల్దాని చేతిలో ముక్క తింటే నోరు కాలిపోయేదా?"

"కాలదు," అన్నాడు ఎర్మెక్.

మర్నాడు పొద్దున్నే బాలిక్చీ వెళ్ళాడు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో వరసగా పెట్టుకున్నాడు. మొదట తప్పు నాదే అనాలి, తర్వాత కారణం చెప్పాలి. కాదు, కారణం చెప్పకూడదు. సగిన్ కోపంతో చొక్కా పట్టుకుంటే ఏం చెయ్యాలో కూడా అనుకున్నాడు. ఏమీ చెయ్యకుండా నిలబడాలి. కొట్టినా సరే. నిజానికి కొడితే బాగుండునని అతనికి లోపల ఆశగానే ఉంది.

రైలుస్టేషను వెనక సందులో నీలం గేటు. సగిన్ గేటు పక్కనే ఎండలో స్టూలు వేసుకుని బూటుకి అట్ట కొడుతున్నాడు. తలెత్తి చూశాడు. వెంటనే గుర్తు పట్టాడు. సుత్తి పక్కన పెట్టి లేచాడు.

ఎర్మెక్ చెయ్యి చాచాడు. సగిన్ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మొహంలో కోపమేమీ లేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు, అంతే.

"వద్దులే," అన్నాడు. "చేతికి జిగురుంది."

జిగురు లేదు.

"ఎవరండీ?" అని లోపలినుంచి అతని భార్య.

"పాత దోస్తు. కలిసి చదువుకున్నాం." గొంతు పెంచి అన్నాడు: "గుల్సున్, రొట్టె పట్రా! ఇంటికొచ్చినవాడు నోట్లో ముక్క వేసుకోకుండా పోకూడదు."

తన ఆపిల్ తోట లాగే ఇతనూ ఇంట్లో ఒక లేని బడి కట్టుకున్నాడని ఎర్మెక్‌కి అర్థమైంది. వరసగా పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. చేతిలో మూట ఉంది.

గుల్సున్ అప్పుడే కాల్చిన రొట్టెని పళ్ళెంలో పెట్టి తెచ్చి ఎర్మెక్ ముందు పట్టింది. సగిన్ రెండడుగులు వెనక్కి జరిగాడు. ఎర్మెక్ కదలకపోవడం చూసి, భార్యకి వినపడకుండా, ధైర్యం చెప్పేవాడిలా అన్నాడు:

"తిను. నా చెయ్యి తగల్లేదు. కాల్చింది ఆవిడ, తెచ్చింది ఆవిడ. నీకేం కాదు."

"ముట్టుకో," అన్నాడు ఎర్మెక్. "నువ్వు తుంచి పెట్టు సగిన్. నీ చేత్తో పెట్టు."

సగిన్ రొట్టె వైపు చూశాడు. అతని భుజాలు ఒకసారి కదిలాయి. చేతులు మాత్రం వీపు వెనకనుంచి రాలేదు.

"ఇద్దరూ అలా నిలబడ్డారేం?" అంది గుల్సున్. "చల్లారిపోతోంది, తినండి."