కంటి డాక్టరు చెప్పిన చెవి సంగతి

చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలు ఆ జిల్లాలో ఆరేళ్ళుగా సున్నా. ఆ సున్నాను సూపరింటెండెంటు ఏటా స్వహస్తంతో రాసి పైకి పంపేవాడు. పక్క జిల్లాల వాళ్ళు తొమ్మిదనీ పదకొండనీ రాసుకుని సంజాయిషీలు ఇచ్చుకుంటుంటే, ఈయన సమావేశాల్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు.

ఈసారి ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంత జనాభాలో ఒక్కరూ లేరంటే నమ్మలేకపోతున్నాం, మళ్ళీ లెక్కించండి అని. అయిదుగురు తేలితే, చేతి స్పర్శతో చదువు చెప్పే టీచరును ఒకరిని పంపుతారు. నలుగురైతే పంపరు. గడువు నెల.

సూపరింటెండెంటు ఎన్యూమరేటరును పిలిచాడు. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళు తిరిగి జనాన్ని లెక్కపెట్టడం ఆమె పని. ఆఫీసులో అందరూ చెప్పులమ్మ అనేవారు.

"ఒకసారి తిరిగి రామ్మా. వచ్చేది సున్నాయే అనుకో. తిరిగినట్టు ఉండాలి కదా."

చెప్పులమ్మ ముందు అంధుల బడికి వెళ్ళింది. మీ దగ్గర మొండి పిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. హెడ్మాస్టరు ఇద్దర్ని చూపించాడు. పిలిస్తే పలకరు, ఎన్ని దెబ్బలు తిన్నా మారలేదు అన్నాడు.

"చెవులు చూపించారా సార్?"

"చెవుడు మా సబ్జెక్టు కాదమ్మా."

బధిరుల బడిలో, రోజూ తలుపుకు గుద్దుకునే పిల్లలు ఇద్దరు దొరికారు. టీచర్లు వాళ్ళ పరధ్యానం పోగొట్టడానికి ముందు బెంచీలో కూర్చోబెట్టారట. రెండు రోజుల్లో నలుగురు తేలారు. అందరూ బడి రిజిస్టరులో ఉన్నవాళ్ళే. వాళ్ళకు కళ్ళ పరీక్షా చెవుల పరీక్షా చేయించి కాగితాలు పుట్టించడానికి మరో పది రోజులు పట్టింది.

అయిదో మనిషి కోసం ఆమె ఆ రెండు బడులూ చేర్చుకోకుండా తిప్పి పంపిన పిల్లల జాబితాలు తిరగేసింది. రెండింటిలోనూ ఉన్న పేరు ఒకటే. ఎనిమిదేళ్ళ పిల్ల. తల్లి దర్జీ. వినపడదని అంధుల బడి వద్దంది. కనపడదని బధిరుల బడి వద్దంది. రెంటికీ చెడ్డ రేవడి.

దర్జీ ఇంట్లో ముందుగది సగం మిషనే. పిల్ల మిషను బల్ల మీద అరచేయి ఆనించి కింద కూర్చుని ఉంది. బల్ల అదురుతున్నంత సేపూ అమ్మ అక్కడే ఉన్నట్టు. దర్జీ కాలు తీసి లేచేసరికి పిల్ల చెయ్యి చాచి చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. ఎడమ మణికట్టుకు గుడ్డ కట్టి ఉంది.

"కొరుక్కుంటుందక్కా," అంది దర్జీ. "కావలసింది నాకు తెలీకపోతే కొరుక్కుంటుంది. పోయిన నెల పన్ను నొప్పి. అది తెలీక నాలుగు రోజులు అన్నం పెడుతూనే ఉన్నాను."

"డాక్టరు కాగితాలు ఉన్నాయా?"

"లేకేం? కంటి డాక్టరు చెవి బాగుచేయించుకుని రమ్మన్నాడు. చెవి డాక్టరు కళ్ళు బాగుచేయించుకుని రమ్మన్నాడు. ఇద్దరిదీ ఒకే బిల్డింగు. మధ్యలో మెట్లున్నాయి. మూడేళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగాం. మోకాళ్ళ డాక్టరు ఒక్కడే మిగిలాడు."

చెప్పులమ్మ కాగితాలు చదివింది. కంటి డాక్టరు రాసింది: పిల్లకు బొత్తిగా వినపడదు, చెప్పింది చేయలేదు, కాబట్టి చూపు పరీక్ష కుదరలేదు. చెవి డాక్టరు రాసింది: పిల్లకు బొత్తిగా కనపడదు, బొమ్మలు చూపించినా స్పందించలేదు, కాబట్టి వినికిడి పరీక్ష కుదరలేదు. రెండింటి మీదా సంతకం, ముద్ర ఉన్నాయి.

ఆమె రెండుసార్లు చదివి కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"ఇవి పనికొస్తాయా అక్కా? అన్నిచోట్లా విసిరి కొట్టారు."

"కనపడదని డాక్టరు రాశాడు. వినపడదని డాక్టరు రాశాడు. ఇంకేం కావాలి?"

"టీచరు వస్తుందా మరి?"

"అయిదు అయిదుగానే ఉంటే వస్తుంది."

లెక్క పైకి వెళ్ళింది. వారంలో మెమో వచ్చింది. ఆరేళ్ళు సున్నాగా ఉన్న సంఖ్య ఒక్క నెలలో అయిదుకు ఎందుకు పెరిగింది, ఇంకా పెరగకుండా మీరు తీసుకుంటున్న చర్యలేమిటి, మూడు రోజుల్లో తెలపండి.

సూపరింటెండెంటు మెమోను బల్ల మీద పరిచి చెప్పులమ్మను పిలిచాడు. టీచరు సంగతి కనుక్కుందామని పిల్లను తీసుకుని వచ్చిన దర్జీ కూడా ఆ గదిలోనే బెంచీ మీద ఉంది.

"చూశావా తల్లీ, నీ మూలాన నాకు అంటురోగం అంటగట్టారు. ఒకళ్ళని తీసేద్దాం. నాలుగంటే కాస్త మర్యాదగా ఉంటుంది."

"నలుగురైతే టీచరు రాదు సార్."

"రాకపోతే ఇన్నాళ్ళూ గడవలేదా? ఈ దర్జీ పిల్ల కాగితాలు తప్పు. కంటి డాక్టరు చెవి గురించి చెప్పడానికి ఎవరమ్మా? ఆయనకు ఆ అధికారం ఉందా? పొరపాటున చేర్చానని సంతకం పెట్టు, అయిపోతుంది."

బెంచీ మీద నుంచి దర్జీ అంది: "సార్, తీసేస్తే మా పిల్ల రేపటి నుంచి చూస్తుందా?"

"నువ్వుండమ్మా, ఇది ఆఫీసు విషయం."

చెప్పులమ్మ బల్ల మీది తెల్లకాగితం ఒకటి ఆయన ముందుకు జరిపింది.

"తప్పకుండా కొట్టేస్తాను సార్. కొట్టేయడానికి కారణం కావాలి కదా. ఈ పిల్లకు చూపూ ఉంది, వినికిడీ ఉంది, డాక్టర్లిద్దరూ తప్పు రాశారని మీరు రాసి సంతకం పెట్టండి. దాని కింద నేను పెడతాను."

"నేనెందుకు పెడతాను? లెక్కపెట్టింది నువ్వు."

"అందుకేగా అయిదని సంతకం పెట్టాను."

సూపరింటెండెంటుది ముప్ఫై ఏళ్ళ సర్వీసు. తనకంటే ముందు ఇంకొకరి సంతకం పడకుండా ఆయన ఏనాడూ సంతకం చేసి ఎరగడు. కలం మూత తీశాడు. కాగితం వైపు చూశాడు. బెంచీ వైపు చూశాడు. పిల్ల బెంచీ అంచును వేళ్ళతో తడుముతోంది. ఆయన కలానికి మూత పెట్టి, టీ తెమ్మన్నాడు.

టీ వచ్చింది, తాగాడు. చెప్పులమ్మ నిలబడే ఉంది.

"నీకు ఇంక్రిమెంటు టైము ఇది. గుర్తుందా?"

"ఉంది సార్."

"పైవాళ్ళకు నేనేం చెప్పాలి మరి?"

"దొరికారని చెప్పండి."

ఆయన అలా చెప్పలేదు. సాయంత్రానికి జవాబు తయారైంది. సంఖ్య పెరిగింది వ్యాధి వల్ల కాదనీ, తన ప్రత్యేక పర్యవేక్షణలో అన్వేషణ ముమ్మరం చేయడం వల్లననీ, సంఖ్య యథాతథమనీ రాశాడు. ప్రధాన కార్యాలయం ఆయన్ను అభినందించింది. చెప్పులమ్మను వీధిదీపాలు లెక్కపెట్టడానికి వేశారు. దీపాల గురించి ఎవరూ సంజాయిషీ అడగరు.

మూడో వారంలో టీచరు వచ్చింది. అయిదు ఇళ్ళకూ వంతులు వేసుకుంది. దర్జీ ఇంటికి మంగళ, శుక్రవారాలు. ఆమె చేతిలో శాఖ వాళ్ళు ఇచ్చిన రోజువారీ ఫారం ఉంది. అందులో ప్రశ్నలు రెండు: విద్యార్థిని పాఠం శ్రద్ధగా విన్నదా? బోర్డు వైపు చూసినదా? టీచరు దాన్ని మడిచి సంచిలో పెట్టి కింద కూర్చుంది.

తన చెయ్యి పిల్ల చెయ్యి కిందకు చేర్చింది. పిల్ల ఆ చేతిని వాసన చూసి నెట్టేసింది. టీచరు కాసేపాగి మళ్ళీ చేర్చింది. మళ్ళీ నెట్టేసింది. పదకొండుసార్లు జరిగింది.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" దర్జీ అడిగింది.

"చెప్పలేనక్కా. ముందు నేనెవరో తెలియాలి కదా పాపకి."

పన్నెండోసారి పిల్ల వాసన చూసింది. గోళ్ళు ఒక్కొక్కటే తడిమింది. వేళ్ళు లెక్కపెడుతున్నట్టు చివరిదాకా వెళ్ళి, అరచేతిని అరచేతి మీద ఉంచింది.

దర్జీ గడియారం చూసింది. ఆ చెయ్యి అక్కడ నాలుగు నిమిషాలుంది.