సగం పాట

టీ వడకడుతుంటే హాల్లోంచి నా మాట వినిపించింది, మా ఆయన గొంతులో. "తిక్కోళ్ల పాటలో గిటార్ ఏడు లెక్కపెడుతుంది, డ్రమ్స్ నాలుగు లెక్కపెడతాయి. రెండూ విడిపోయి, చాలాసేపటికి ఒకచోట కలుస్తాయి. ఆ కలిసే చోటు కోసమే వాళ్లు పాట రాస్తారు." పెళ్లికి ముందు క్యాంటీన్ బల్ల మీద రెండు చేతులతో వాయించి అతనికి నేను నేర్పిన లెక్క అది. అతని స్నేహితుడు పళ్ల డాక్టరు, ఎంత బాగా చెప్పావురా అని మెచ్చుకున్నాడు. టీ గట్టు మీద ఒలికింది. తుడిచాను.

మా ప్రేమంతా ఇలాంటి పాటల మీద పోట్లాటలతోనే నడిచింది. ప్రోగ్రెసివ్ మెటల్ అనే ఈ మెలికల రాక్ సంగీతం వినే ఆడపిల్లని అతను అంతకుముందు చూడలేదట. అతనికిష్టమైన బ్యాండ్‌కి ముసలాళ్లని, నాకిష్టమైనదానికి తిక్కోళ్లని ముద్దుపేర్లు పెట్టుకున్నాం. ముసలాళ్ల పాట ఊరంతా తిరుగుతుంది. కీబోర్డు ఒక వీధికి లాగితే గిటార్ ఇంకో వీధికి లాగుతుంది. చివరికి మాత్రం మొదట విన్న బాణీ దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఎంత తిరిగినా ఇంటికి రావాలి, అదీ పాటంటే అనేవాడు. తిక్కోళ్లు దాటిన గుమ్మం వైపు మళ్లీ చూడరు, అందుకే నాకిష్టం అనేదాన్ని. నీతో వాదిస్తుంటే ఆకలి కూడా గుర్తుండదు అన్నాడొకసారి. ఇప్పుడు నన్ను చూస్తే అతనికి ఆకలొక్కటే గుర్తొస్తుంది.

ఈ పాటలు ఒక్కొక్కటీ ఇరవై నిమిషాలు, పాతిక నిమిషాలు ఉంటాయి. అదే నా కొంప ముంచింది. పొద్దున్నించీ నా చెవులు కాల్ సెంటర్‌వి. ఎవరిదో ఫ్రిజ్ చల్లబడకపోతే ఆ తిట్లు నా హెడ్‌సెట్‌లోకి వస్తాయి. బాత్రూమ్‌కి వెళ్తే మేనేజర్ గడియారం చూస్తాడు. ఇంటికొచ్చాక అవే చెవులు అత్తగారివి, పాపవి, కుక్కర్‌వి. వంట చేస్తూ ఒక చెవిలో పాట పెట్టుకుంటాను. సరిగ్గా మలుపు తిరిగేచోట "అమ్మాయ్" అని పిలుపు వస్తుంది. చెవుల్లో అవి దోపుకుంటే ఇల్లేం పట్టించుకుంటుంది అని అత్తగారు ఎవరితోనో ఫోన్లో అంటుంటే, అది కూడా సగమే విన్నాను. పాప పుట్టాక ఒక్క పాటా చివరిదాకా వినలేదు. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, మీకేం పాటలు ఇష్టం మేడమ్ అని అడిగితే ఒక్క పాట పేరూ గుర్తురాలేదు. ఏడుపు కాదు, భయం వేసింది. ఇంట్లో ఎవరికి ఉప్పు తక్కువ వెయ్యాలో, ఎవరికి దిండు ఎత్తుగా ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకేది ఇష్టమో చెప్పడానికి లోపల ఎవరూ మిగల్లేదు.

టీ పట్టుకెళ్లేసరికి మాటలు ముసలాళ్ల కొత్త పాట మీదికి వచ్చాయి. "చివర్లో మొదటి బాణీ మళ్లీ వస్తుంది చూడు, ఒళ్లు గగుర్పొడుస్తుంది" అంటున్నాడు మా ఆయన. తనింకా వినలేదని ఒప్పుకున్న పళ్ల డాక్టరు నావైపు తిరిగాడు.

"మీరు విన్నారా వదినా?"

ఆ హాల్లో నన్నొకరు ఒక అభిప్రాయం అడిగి ఎన్నాళ్లయిందో. సగం విన్నానన్నాను.

మా ఆయన నవ్వాడు. "సగం పాట, సగం ఉప్పు. తనకేదీ పూర్తిగా పట్టదురా."

పళ్ల డాక్టరు మర్యాదకి నవ్వాడు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. వంటింట్లోకి వచ్చి సింకు ముందు నిలబడ్డాను. ఆ పాట ఇవాళ చివరిదాకా వినకపోతే నేనిక లేనట్టే అనిపించింది. పాప వాళ్ల నానమ్మ పక్కన నిద్రపోతోంది. మేకుకున్న కారు తాళంచెవి తీసుకుని కిందికి దిగాను.

కారు అద్దాలన్నీ ఎత్తి పాట పెట్టాను. సగానికి వచ్చేసరికి ఇంటినుంచి ఫోన్. కట్ చేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాను. ఆ తర్వాత అసలు కాల్సే రాకుండా ఫోన్లో ఆపేశాను. పాప లేచిందేమో, పొయ్యి ఆర్పానో లేదో అనిపించింది. అయినా కదల్లేదు.

చివరి భాగం వచ్చింది. మొదటి బాణీ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని చూశాను. గిటార్ ఆగింది, కీబోర్డు ఆగింది. డ్రమ్స్ ఒక్కటే నడుచుకుంటూ వెళ్లి ఎక్కడో ఆగిపోయాయి. అంతే, పాట అయిపోయింది. ముసలాళ్లు ఈసారి ఇంటికి రాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. ఇంట్లో ఉన్న తీరికంతా తన దగ్గరే పెట్టుకున్న మనిషి, ఆ పాట చివరిదాకా వినలేదు.

పైకి వెళ్లాను. ఖాళీ కప్పులు పెట్టినచోటే ఉన్నాయి. పళ్ల డాక్టరుతోనే చెప్పాను.

"మొదటి బాణీ తిరిగి రాదండీ. డ్రమ్స్ దగ్గరే అయిపోతుంది. మీరు వినండి."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కప్పుల వైపు చూశాడు.

"ఇన్నిసార్లు ఫోన్ చేస్తే ఎక్కడున్నావ్? వీడికి ఇంకో టీ పెట్టు."

తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది.

"నువ్వు పెట్టు. పాప లేస్తే పాలు కలుపు. నేను తిక్కోళ్ల పాటలు వినడానికి వెళ్తున్నా. ఎప్పటికి అయిపోతాయో నాకూ తెలీదు."