మేకుకు వేలాడిన కత్తెర

కత్తెర పిడి అక్క వేళ్లకు సరిగ్గా ఎక్కలేదు.

చెల్లి తోలుటోపీ పట్టీకి వేలాడుతున్న దారం తెంపుదామని గోడమీది మేకునుంచి తీసిన కత్తెర అది. చూడ్డానికి తనదే. కానీ తనది కాదు. నెలల తరబడి రెక్కల బట్ట కుట్టి వార్నిష్ పూసిన చేతుల్లో నలిగి, తన కత్తెర పిడి నల్లగా అట్టకట్టింది. ఇది కడిగిన ముత్యంలా ఉంది.

విమానాలు పుట్టిన కొత్తలో కొందరు పనిచేసిన షెడ్డును, పాత ఫొటో చూసి అచ్చంగా అలాగే మళ్లీ కట్టారు. చెక్కపని అక్క మొగుడిది, రెక్కల కుట్టుపని అక్కది. ఆ షెడ్డులోనే, ఆనాటి పద్ధతిలోనే తయారైన గ్లైడరును ఇవాళ ప్రారంభోత్సవానికి వచ్చిన జనం ముందు చెల్లి ఎగరేయబోతోంది. ఇలా ఒక్కసారి ఎగరడం కోసం ఏడాదిగా కలవరిస్తోంది.

"ఏమండీ, ఈ కత్తెర ఎక్కడిది?"

బల్ల తుడుస్తున్న మొగుడు నవ్వాడు. "పట్టేశావా? మేకు ఖాళీగా ఉంటే పన్ను ఊడిన నోరులా ఉందని నేనే కొత్తది తెచ్చి తగిలించా. ఇక్కడ ఏది లేకపోయినా అలాంటిదే ఇంకోటి పెట్టడమేగా మన పని!"

"మరి నాది?"

"ఎక్కడో పడేసుంటావు. పారేసుకోవడంలో నీ తర్వాతే ఎవరైనా."

అక్కకు అప్పుడు తట్టింది. రెక్క అంచు మూసి కుట్టేటప్పుడు రెండు చేతులూ కావలసివచ్చి, కత్తెరను రెక్క లోపలి చెక్కబద్దమీద పెట్టింది. మర్నాడు గోడమీద కత్తెర కనబడేసరికి తానే తీసి తగిలించాననుకుంది. గ్లైడరు ఒరగకుండా రెక్క చివరల్ని వంచే తీగలు పోయేది ఆ లోపలినుంచే. గాలిలో ఉండగా తీగ పట్టేస్తే గ్లైడరు ఒక పక్కకు ఒరిగి, మరి లేవదు.

ఏ రెక్కలో? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

బయట ఈల మోగింది. చెల్లి టోపీ కోసం ఆగలేదు!

అక్క పరుగెత్తింది. దిబ్బమీద, గ్లైడరును గాల్లోకి లేపే తాడు లాగేవాళ్లు అప్పటికే భుజాలు వంచారు.

"ఆపండి! తాడు వదలండి!"

గ్లైడరులోంచి చెల్లి తల తిప్పింది. "టోపీ అడిగితే కత్తెర తెచ్చావేంటక్కా?"

"దిగు."

"అందరూ చూస్తున్నారు..."

"దిగమన్నానా!"

చెల్లి దిగీ దిగకముందే అక్క ఎడమ రెక్కను బర్రున కోసేసింది. జనం హాహాకారాలు చేశారు. చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ లేదు.

రొప్పుతూ వచ్చిన మొగుడు ఆమె భుజం పట్టుకున్నాడు. "ఇంక చాల్లే. షెడ్డులోనే ఉంటుందది."

"లేకపోతే?"

చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా, ఆ రెక్కన్నా ఉంచవే..."

అక్క కుడి రెక్కనూ కోసింది. భుజందాకా చెయ్యి దూర్చింది. బద్ద. దారపు ముడి. మళ్లీ బద్ద. ఆపైన చల్లటి ఇనుము తగిలింది. పాత కత్తెర తీగకూ, అది తిరిగే చిన్న కప్పీకీ మధ్య సగం దూరి ఉంది. గుంజితేగానీ రాలేదు.

"ఇందాక తీగ సరిగ్గానే ఆడిందే," అని గొణిగింది చెల్లి. ఆమె చూపు దిబ్బ కిందున్న రాళ్లమీదికి పోయి అక్కడే నిలిచింది.

తర్వాత కోసిన రెక్కవైపు తిరిగింది. "మళ్లీ ఎప్పటికి కుడతావు?"

"నీకేం తొందర? నేలమీదే ఉన్నావుగా," అంది అక్క. చెల్లి మోచేతిని మాత్రం వదల్లేదు.