ఐదింటిదాకా గడువు

పొద్దున్నే కాఫీ పెట్టుకుని పేపర్లో చావు కబుర్ల పేజీ తీస్తాను. ముప్ఫై నాలుగేళ్ళుగా నా రోజు అక్కడే మొదలవుతోంది. ఎవరు పోయారో చూసుకుని, ఆ ఇంటివాళ్ళకి మా ఆయన రాసినట్టుగా ఉత్తరం రాస్తాను. మా ఆయన ఎల్డన్ కొస్కెలా, ఉత్తర మిన్నెసోటా ఇనుప గనుల నియోజకవర్గం నుంచి వరసగా పదిహేడుసార్లు గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు. వారమంతా వాషింగ్టన్‌లో ఉంటాడు. ఇక్కడ పెన్షన్ ఆగిపోయినవాడూ, ఊపిరితిత్తుల్లో గని దుమ్ము చేరిందని డాక్టరు కాగితం పట్టుకుని తిరిగేవాడూ మా వంటింటి తలుపే తడతారు. వాళ్ళ ఫైళ్ళు నడిపించేది నేను. ఆఫీసులో పంతొమ్మిదిమంది ఉద్యోగులున్నారు, ఆ జాబితాలో నా పేరు లేదు. మా అత్తగారు బతికుండగా, "మావాడు దేశానికి సేవ చేస్తున్నాడు, నువ్వు వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తే అదీ దేశసేవే" అనేది. అప్పట్లో మురిసిపోయేదాన్ని కూడాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం ఎల్డన్ ఇక పోటీ చేయనన్నాడు. నా సలహా కోసం కాదు, ఉపన్యాసం రాయాల్సింది నేను గనక చెప్పాడు. నామినేషన్లకి ఆఖరి రోజున, మధ్యాహ్నం ప్రకటిస్తాడట. ఆయన సహాయకుడు టాడ్ అప్పటికే తన నామినేషన్ కాగితాలు దాఖలు చేసేసి ఉంటాడు. సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది, ఇంకెవరికీ తేరుకునే వ్యవధి ఉండదు. పాత కాపులు సీటు తమవాళ్ళకి అప్పగించే పద్ధతే ఇది. టాడ్‌కి మా ఊళ్ళో ఏ వీధి ఎటు పోతుందో తెలియదు. అయినా ఉపన్యాసం రాసిచ్చాను. "నువ్వు కూడా ఇక వంటింట్లో హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నాడు. వంటింట్లో విశ్రాంతట!

ఇవాళ యూనియన్ హాల్లో ఆ ఉపన్యాసం విని జనం కళ్ళు తుడుచుకున్నారు. ఐలీ సాల్మెలా వచ్చి ఎల్డన్ చెయ్యి పట్టుకుంది. ఆవిడ భర్త టోయివో ఫిబ్రవరిలో పోయాడు.

"మీ ఉత్తరం రోజూ చదువుకుంటున్నానండీ. పిల్లలు స్కేటింగ్ చేసుకుంటారని మా ఆయన చలికాలంలో పెరడంతా నీళ్ళు పట్టి మంచు గట్టించేవాడని రాశారే, అంత చిన్న సంగతి ఎలా గుర్తుంది మీకు?"

ఎల్డన్ ఆవిడ భుజం తట్టాడు. "టోయివోని ఎలా మరిచిపోతానమ్మా. ఇద్దరం కలిసి ఎన్ని చేపలు పట్టామో."

టోయివోకి నీళ్ళంటే భయం. జన్మలో పడవెక్కలేదు. ఐలీ చెయ్యి వెనక్కి తీసుకుని, ఆయన్ని దాటి నావైపు చూసింది.

"ఆ మంచు సంగతి నీతోనే కదూ చెప్పాను, వెర్నా," అంది మెల్లగా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ నాకు అన్యాయం జరిగిందనే ఏడ్చాను. ఇంతమందిని ఆయన పేరుతో నమ్మించింది మాత్రం నేనే.

కార్లో ఎల్డన్ హుషారుగా ఉన్నాడు. టాడ్‌ని గెలిపించమంటూ ఇంటింటికీ పంపే ఉత్తరం ఈరోజే రాసేయమన్నాడు. "నా మాటతీరు నీకు తెలుసుగా" అన్నాడు. కారు నడుపుతున్నది నేనే, ఎప్పుడూ నేనే. టైము నాలుగూ పది. ఇంటివైపు తిప్పకుండా తిన్నగా వెళ్ళి కౌంటీ కచేరీ ముందు ఆపాను.

"ఇక్కడేం పని?"

"నామినేషన్ వేయాలి."

నవ్వాడు. నేను సీటు బెల్టు విప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"మతిపోయిందా నీకు? టాడ్‌కి మాటిచ్చాను. అయినా నీకు ఓటెవరు వేస్తారు?"

"ఇన్నాళ్ళూ వేసినవాళ్ళే," అని కారు దిగాను.