వెనక నడిచే చుక్క

వీపు మీది పెట్టె పట్టీని ఇంకో బెజ్జం లోపలికి లాగి బిగించుకున్నాడు మెయిలు. బడిపిల్లల సంచీ అంత పెట్టె. దాని మీద పుట్టగొడుగులా తెల్లటి యాంటెనా ఆయన తల వెనక నిక్కి ఉంటుంది. దాన్ని తగిలించుకుని వీధిలోకి వస్తే కుక్కలు మొరుగుతాయి, పిల్లలు నవ్వుతారు. ఆయనకు రెండూ పట్టవు.

కరెంటు మీటర్లు చూస్తూ ఇంటింటికీ తిరిగిన రోజుల్లో తోటివాళ్ళు పెట్టిన పేరు మెయిలు. మెయిలు బండి చిన్న స్టేషన్లలో ఆగదు కదా, ఈయనా అంతే. దారిలో ఎవరైనా పలకరిస్తే నడుస్తూనే జవాబు చెప్పేవాడు. అది వినాలంటే అవతలివాళ్ళు వెంట నడవాల్సిందే. కూతురు చిన్నప్పుడు బజారుకు వెళితే ఆయన చొక్కా అంచు పిడికిట్లో బిగించి పట్టుకునేది, లేకపోతే నాన్న తప్పిపోతాడని. రిటైరయ్యాక కాలు కాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతుంటే ఆ కూతురే చూడలేక ఈ పనిలో చేర్పించింది.

పని చిత్రమైనదే. దారి చూపే ఉపగ్రహాన్ని కొత్తగా పైకి పంపారు. ఆ మంటనూ పొగనూ అందరిలాగే ఆయనా టీవీలో చూసి చప్పట్లు కొట్టాడు. ఇది లోకమంతా చుట్టివచ్చే రకం కాదట, మన ప్రాంతానికే పరిమితమట, ఎప్పుడూ మన నెత్తి మీదే కాపలా ఉంటుందట. అయితే అది చెప్పే చోటూ, మనిషి నిజంగా నిలబడిన చోటూ ఒకటేనా కాదా అన్నది ఎవరో ఒకరు నేల మీద నడిచి తేల్చాలి. అందుకు ఒకే తీరుగా నడిచే మనిషి కావాలి. రోడ్ల మీద అక్కడక్కడా తెల్లరంగుతో గుండ్రాలు గీశారు. గుండ్రంలో నిలబడాలి, ఆఫీసులో తెర ముందు కూర్చున్న అమ్మాయి, ఆయన చెవిలో పెట్టుకున్న ఫోనులో ‘సరే’ అనేదాకా ఆగాలి, మళ్ళీ నడవాలి. గుండ్రానికీ గుండ్రానికీ మధ్య ఆగకూడదు. ఆగితే ఆ పూట నడకంతా దండగ, ఆ మనిషి ఇక ఆ పనికి పనికిరాడు.

“ఆగొద్దనేనా? నన్ను ఆగమంటేనే కష్టం,” అని చేరిన రోజునే నవ్వేశాడు మెయిలు.

“నాన్నా, ఇవాళ మానెయ్యకూడదూ? పొద్దున ఛాతీ పట్టేసిందన్నావు,” అంది కూతురు గుమ్మం దగ్గర.

“గ్యాసమ్మా. నడిస్తే అదే పోతుంది.”

లోకంలో ఏ జబ్బుకైనా ఆయన దగ్గర అదొక్కటే మందు. కూతురు ఇంకేదో అనేలోపు మలుపు తిరిగిపోయాడు.

ఆకాశం మబ్బుపట్టి బూడిదరంగులో ఉంది. మొదటి గుండ్రం, రెండోది, మూడోది మామూలుగానే గడిచాయి. అద్దాల మేడల మధ్య సన్నటి వీధిలోకి వచ్చాక చెవిలో అమ్మాయి గొంతు పలికింది.

“బాబాయ్, మీ వెనక ఎవరైనా ఉన్నారా?”

నడక ఆపకుండానే తల తిప్పి చూశాడు. మూసిన షట్టర్లు, ఖాళీ రోడ్డు. “ఎవరూ లేరే. ఏం?”

“తెర మీద రెండు చుక్కలు కనబడుతున్నాయి. ముందుది మీరు. రెండోది మీ వెనకాలే వస్తోంది.” అవతల ఎవరినో అడిగి మళ్ళీ అంది, “ఏం లేదట బాబాయ్. పైనుంచి వచ్చే సంకేతం అద్దాలకు తగిలి మళ్ళీ పెట్టెకు చేరితే, ఒక్క మనిషి ఇద్దరిలా కనబడతాడట. వీధి దాటితే పోతుందంటున్నారు సారు.”

“ఈ వయసులో నాకు కవలవాడు పుట్టాడన్నమాట! సంతోషం,” అన్నాడు మెయిలు.

వీధి దాటి ఆటస్థలంలోకి వచ్చాడు. చుట్టూ గోడ అన్నది లేదు. ఆ చివర రోజూ ఆయన్ని చూసి గొంతు చించుకునే కుక్క ఒకటుంది. ఇవాళ అది ఆయన్ని పట్టించుకోలేదు. ఆయన దాటిపోయాక లేచి, ఆయన వెనక ఖాళీ గడ్డి వైపు చూసి, తోక కాళ్ళ మధ్య ముడుచుకుని కంచె కిందనుంచి దూరి పారిపోయింది.

“బాబాయ్, అది ఇంకా ఉంది,” అంది అమ్మాయి. గొంతులో ఇందాకటి తేలిక లేదు. “సారుకి కూడా అర్థం కావట్లేదు. అక్కడ గోడల్లేవు కదా అంటున్నారు.”

“ఎంత వెనకుంది?”

“ఎంతో లేదు. ఒక ఇల్లు దాటేంత. మీరు జోరు పెంచితే వెనకబడుతోంది, మళ్ళీ ఎలాగో వచ్చి అంతే దూరంలో ఉంటోంది.”

ఆ దూరం ఆయనకు తెలుసు. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన భార్య ఆ దూరంలోనే నడిచింది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా, సినిమాకు వెళ్ళినా, పిల్ల బడికి వెళ్ళినా ముందు ఆయన, ఒక ఇల్లు దాటేంత వెనక ఆమె. “మీ ఆయన ఊరు చేరాడు, నువ్వింకా పొలిమేరలోనే ఉన్నావా?” అని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె నవ్వి, చెంగుతో మెడ తుడుచుకునేది. తర్వాత్తర్వాత ఆయాసం మొదలైంది.

పోయిన ఏడాది ఆస్పత్రికి బయల్దేరారు. ఆటో దొరకలేదు. “నాలుగడుగులేగా, నడుద్దాం పద,” అన్నాడు ఆయన. ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూస్తే ఆమె లేదు. మందుల కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని. ఆయన పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయింది. మంచాన పడకుండా వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలు అన్నారంతా. ఆయన ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. “ఏమండీ, కాస్త ఆగండి,” అని ఆమె పిలిచింది. ఆయనకు వినబడింది. వస్తుందిలే అనుకుని నడిచాడు.

ఆ మాట ఏడాదిగా ఆయన్ని తినేస్తోంది. నడుస్తున్నంతసేపు కాస్త మరుపు, కూర్చుంటే మళ్ళీ అదే.

ఆటస్థలం దాటాక దారి ఎత్తు ఎక్కుతుంది. ఆఖరి గుండ్రం ఆ ఎత్తు పైన ఉంది. సగం దాకా ఎక్కాక, అడగకూడదు అనుకుంటూనే అడిగాడు.

“అమ్మాయ్, ఎత్తు మొదలయ్యాక ఆ చుక్క ఆగి ఆగి వస్తోందా?”

చెవిలో కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడు వినబడింది.

“అవును బాబాయ్. కొంచెం ఎక్కడం, ఆగడం, మళ్ళీ ఎక్కడం. మీకెలా తెలుసు?”

మెయిలుకు భయం వేసింది, ఉత్తుత్తి భయం కాదు. వెనక్కి తిరిగి చూడాలంటే ధైర్యం చాలలేదు. పరుగెత్తాలనిపించింది. నడిస్తే అదే పోతుందని ఇన్నాళ్ళూ ఆయన నమ్మిన కాళ్ళు, ఇప్పుడూ నడువు నడువు అంటున్నాయి. పైన తెల్లటి గుండ్రం కనబడుతూనే ఉంది. ఛాతీలో పొద్దుటి నొప్పి మళ్ళీ పిడికిలి బిగించింది, ఎడమ భుజం లాగేస్తోంది. ఆ బాధలోనే ఆయనకొక సంగతి తట్టింది. ఆయాసంతో ఎత్తెక్కడమంటే ఇలాగే ఉంటుంది కాబోలు. ఇలాగే ఎక్కింది కాబోలు పిచ్చిది, అన్నేళ్ళూ.

రోడ్డు పక్కన పైకప్పు లేని సిమెంటు బెంచీ ఒకటుంది. మెయిలు దాని దగ్గరకు వెళ్ళి ఆగాడు.

“బాబాయ్, ఆగకండి! గుండ్రం ఇంకా పైనుంది. ఈ పూట నడకంతా పోతుంది.”

“పోనీలేమ్మా.”

“సారు ఊరుకోరు బాబాయ్. ఇంకొకళ్ళని పెట్టేస్తారు.”

“పెట్టుకోనీ. నేను ఆగాల్సిన చోట ఎప్పుడూ ఆగలేదమ్మా. ఇప్పుడైనా ఆగనీ.”

జేబులోంచి రుమాలు తీశాడు. బెంచీ అంతా దుమ్ము. తన చోటు సంగతి పట్టించుకోలేదు గానీ, పక్కన మాత్రం శుభ్రంగా దులిపి, బస్సులో మనవాళ్ళకు సీటు ఆపినట్టు రుమాలు పరిచాడు. నాలుగు మూలలూ సరిగా లాగాడు. తర్వాత కూర్చున్నాడు. సన్నగా తుంపర మొదలైంది.

“వస్తోందా?” అన్నాడు.

“వస్తోంది బాబాయ్.” అమ్మాయి ఎందుకో గొంతు తగ్గించింది. “దగ్గరకొచ్చింది. మీకేం కనబడట్లేదా?”

“నేను చూడట్లేదమ్మా. చూస్తే తొందరపెట్టినట్టు ఉంటుంది.”

ఆ తర్వాత ఆయన అన్న మాట అమ్మాయి కోసం కాదు. చాలా మెల్లగా, పక్కనున్నవాళ్ళతో అన్నట్టు, “కూర్చో. తొందరేం లేదు,” అన్నాడు.

తెర మీద రెండు చుక్కలూ ఒకటయ్యాయి. అమ్మాయి హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత చాలాసేపు చుక్క కదల్లేదు. “బాబాయ్, బాబాయ్” అని పిలుస్తూనే ఉంది, జవాబు లేదు. కంగారుగా సారును కేకేసేలోపు చుక్క కదిలింది. ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. అది మెయిలు నడక కాదు. కొంచెం ఎక్కడం, ఆగడం, మళ్ళీ ఎక్కడం. అలా నిదానంగా గుండ్రం దాకా వెళ్ళి, మధ్యలో నిలబడింది. అమ్మాయి అలవాటు కొద్దీ ‘సరే’ అంది. చుక్క గుండ్రం దాటి, దారి లేని వైపుగా సాగి, తెర అంచున మాయమైంది.

సారూ ఆ అమ్మాయీ బండి వేసుకుని వచ్చేసరికి మెయిలు బెంచీ మీదే ఉన్నాడు. పెట్టె వీపునే ఉంది, దాని దీపం ఇంకా వెలుగుతోంది. పక్కన ఎవరి భుజమో ఉన్నట్టు తల ఒకవైపు వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. సారు చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా వదిలేశాడు. అమ్మాయి ఏడుస్తూ ఆయన కూతురికి ఫోన్ చేసింది. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. పెట్టె పట్టీలు విప్పి, ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

తుంపర ఇంకా పడుతూనే ఉంది. రోడ్డు తడిసింది, బెంచీ తడిసింది. దాని మీద పరిచిన రుమాలు అంచులు తడిసి సిమెంటుకు అతుక్కుని ఉన్నాయి, నడుమ ఒక మనిషి కూర్చునేంత మేర మాత్రం నలిగి, పొడిగా ఉంది.