పైడిరాజు లేని జట్టు

మలేషియాలోని ఇపో ఊరి బేస్‌బాల్ జట్టు ఆ ఏడాది ఎనిమిది మ్యాచ్‌లాడి ఆరు ఓడింది. గెలిచిన రెండూ పైడిరాజు విసిరిన బంతుల పుణ్యమే. అతని ఒప్పందం ముగియగానే కౌలాలంపూర్ క్లబ్బు పిలిచింది. ఇక ఎక్కడికైనా వెళ్లే హక్కు అతనికుంది.

ఆ మాట చెప్పడానికి కోచ్ శాంతాదేవి దగ్గరికి వచ్చి తల దించుకున్నాడు.

"ఏటిరా, తప్పు సేసినోడిలా నిలబడినావు? వయసులో ఉన్నావు, ఎల్లు. ఇక్కడ మేం ఉన్నాం లా" అందామె, మాట చివర మలేషియా వాళ్ల 'లా' చేర్చి.

మరునాడు ప్రాక్టీసులో అందరూ శాంతాదేవి చుట్టూ చేరారు. ఇక బంతి ఎవరు విసురుతారని ఆమె అడిగింది. ఆరేళ్లుగా పైడిరాజు విసిరిన బంతులన్నీ పట్టిన క్యాచర్ మోహన్ ముందుకొచ్చాడు. గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిచేసే అతనికి ముప్ఫై ఆరేళ్లు.

"నా బంతికి అంత జోరు లేదక్కా. కానీ బ్యాటు పట్టినోళ్ల ఎనకాలే ఆరేళ్లు కూకున్నాను. ఎవుడు ఏ బంతికి తడబడతాడో నాకు తెలుసు."

"అయితే నువ్వే ఇసురు" అంది శాంతాదేవి.

ఆదివారం జార్జ్ టౌన్ జట్టుతో మ్యాచ్. మోహన్ తొందరపడకుండా ఒక్కొక్కరికి ఒక్కో చోట విసిరాడు. బలంగా కొట్టబోయిన వాళ్ల బ్యాట్లకు గాలే తగిలింది. ఇపో ఒక్క పరుగు తేడాతో గెలిచింది.

సాయంత్రం పైడిరాజు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వే ఇసిరినావంట?"

"అవున్రా. వచ్చే నెల మీతోనే మ్యాచ్. నువ్వు బ్యాటు పట్టుకొస్తే ఏ బంతి ఎయ్యాలో ఇప్పుడే అనుకున్నాను లా" అన్నాడు మోహన్.

ఇద్దరూ పగలబడి నవ్వారు.